అభినందనల ఫ్లెక్సీ

ఒకటో తరగతిలో చేరిన కొత్తలో అయ్యవారు హాజరు పిలుస్తూ "హనుమేష్" అన్నప్పుడల్లా, ఆ హనుమేష్ ఎవరా అని నెహెమ్యా కూడా మిగతా పిల్లలతో పాటు తల తిప్పి చూసేవాడు. పక్కన కూచున్న వీరభద్ర తొడ మీద గిల్లి, "నువ్వేల్యా, పలుకు" అని చెప్పాల్సి వచ్చేది.

ఇంట్లో, వీధిలో, చర్చిలో అతను నెహెమ్యా. బడి రికార్డులో, ఆధార్ కార్డులో, కుల ధ్రువపత్రంలో హనుమేష్. చింతలదొడ్డి చర్చి వీధిలో పిల్లలందరికీ ఇలా రెండేసి పేర్లున్నాయి. ఎందుకని పెద్దలు చెప్పరు, పిల్లలు అడగరు. పై తరగతులకు వచ్చాక ఎవరికి వాళ్ళకే తెలిసిపోతుంది. క్రైస్తవుడని తేలితే ఎస్సీ పత్రం ఉండదు. బీసీ-సి అని వేరే పత్రం ఇస్తారు. దాంతో చదువులోనూ ఉద్యోగంలోనూ లెక్క మారిపోతుంది. నెహెమ్యా తండ్రి లేవి చదువుకోలేదు కానీ ఈ ఒక్క సంగతి బాగా తెలుసుకున్నాడు. బడిలో చేర్చే రోజు అయ్యవారు పేరడిగితే, వచ్చే దారిలో చూసిన ఆంజనేయస్వామి గుడి గుర్తొచ్చి హనుమేష్ అని చెప్పాడట. తల్లి రత్నమణి ఆ మాట చెప్పినప్పుడల్లా నవ్వేది.

చింతలదొడ్డి పడమటి కర్నూలు పల్లె. వాన పడితే పత్తి, కంది. పడకపోతే ఏమీ లేదు. పడినా, పడకపోయినా జనవరి దాటగానే సగం ఊరు ఇళ్ళకు తాళాలు వేసి గుంటూరు వైపు మిరపకాయలు తెంపడానికి పోతుంది. దాన్ని సుగ్గి అంటారు. అమ్మానాన్నలు సుగ్గికి పోయిన పిల్లల కోసం ఆ నెలల్లో బడిలోనే హాస్టల్ నడిపేవాళ్ళు. నెహెమ్యా అందులో తిని, అందులో పడుకొని చదివాడు. ఏడో తరగతిలో మాత్రం హాస్టల్ తెరవడం ఆలస్యమైంది. లేవి కొడుకును వెంట తీసుకుపోయాడు. మిరప చేలో కళ్ళు తుడుచుకోకూడదని నెహెమ్యాకు మొదటి పూటే తెలిసింది, తుడుచుకున్నాక. తిరిగొచ్చేసరికి పరీక్షలు అయిపోయాయి. అయ్యవారు ఏమీ అనకుండా ఎనిమిదిలో కూర్చోబెట్టాడు. ఆ ఏడు చెప్పిన లెక్కలు అతనికి మళ్ళీ ఎవరూ చెప్పలేదు. డిగ్రీలో బీకాం తీసుకున్నాక కూడా వడ్డీ, శాతం వచ్చిన చోటల్లా చేయి ఆగేది. పక్కవాడికి తెలియకుండా వేళ్ళు మడిచి లెక్కపెట్టుకునేవాడు.

నలుగురిలో లేచి మాట్లాడటం మాత్రం బడిలో వచ్చింది కాదు, చర్చి యువజన సంఘంలో వచ్చింది. క్రిస్మస్‌కు వెదురు బద్దలతో నక్షత్రం కట్టడం, ఇంటింటికీ తిరిగి పాటలు పాడటం, మైకు సెట్టు చూసుకోవడం, ఈస్టర్ ముందు రోజు సమాధుల తోటలో ముళ్ళకంపలు కొట్టి ప్రతి సమాధికీ సున్నం వేయడం సంఘం పనులు. ఇంటర్లో ఉండగానే అతన్ని కార్యదర్శిని చేశారు. అధ్యక్షుడు ఏసుబాబు. ఎనిమిదిలో బడి మానేసి బెంగళూరులో బేల్దారి పని నేర్చుకున్నవాడు. గోడ కట్టినా, సంఘం నడిపినా ఒకటే తీరు. ఎవరైనా వంకర పని చేస్తే పడగొట్టి మళ్ళీ చేయించేవాడు.

ఊరి కబడ్డీ టీములో కూడా నెహెమ్యా ఆడాడు. చర్చి వీధి నుంచి అతనొక్కడే. కౌతాళంలో కప్పు గెలిచిన రోజు ఊరి పిల్లలు అతన్ని భుజాల మీద ఎక్కించుకొని బస్టాండు దాకా తెచ్చారు. ఆట అయ్యాక వీరభద్రతో కలిసి వాళ్ళ ఇంటి దాకా నడిచేవాడు. అరుగు మీద కూచునేవాడు. లోపలికి పోయేవాడు కాదు. ఆ సంగతి ఇద్దరూ ఎన్నడూ మాట్లాడుకోలేదు.

రెండేళ్ళ కిందట లేవి సుగ్గిలోనే చనిపోయాడు. జ్వరమన్నారు. తెచ్చేసరికి ముఖం మీద మిరప దుమ్ము ఇంకా ఉంది. రత్నమణి కడిగింది. సమాధి సంఘం పిల్లలే కట్టారు. సిలువను ఏసుబాబు ఇంట్లో చెక్కల మధ్య పోత పోసి, లోపల ఇనుప కమ్మీ పెట్టి, వారం రోజులు నీళ్ళు పట్టి తెచ్చి నిలబెట్టాడు. ఆ తోటలో అంత నిటారుగా ఉన్న సిలువ ఇంకొకటి లేదు.

ఆఖరి ఏడాది చదువుతుండగా నెహెమ్యాకు రైల్వేలో పట్టాల పనికి ఎంపిక వచ్చింది. పదో తరగతి చదువు సరిపోయే ఉద్యోగం. అయినా డిగ్రీవాళ్ళు వేలమంది రాశారు. పరుగు పరీక్షలో ఇసుక సంచి భుజానికెత్తుకొని ఉరకాలి. చాలామంది అక్కడే ఆగిపోయారు. నెహెమ్యా ఉరికాడు. మిరప బస్తాలు అంతకంటే బరువు. ఇక మిగిలింది కుల పత్రం విచారణ. మండలాఫీసు నుంచి ఒకరు ఊరికి వచ్చి, అడిగి, సరేనని రాసి పంపాలి. అది అయితే రత్నమణి ఇక సుగ్గికి పోనక్కర్లేదు. ఆమె చేతుల మీద చర్మం చాలా ఏళ్ళుగా మానలేదు.

ఆ సంగతి అతను మొదట సంఘానికే చెప్పాడు. చెప్పి, చివరి పరీక్షలు రాయడానికి కర్నూలు పోయాడు.

చివరి పరీక్షకు ముందు రోజు హాస్టల్లో ఫోను చూస్తుంటే వీరభద్ర స్టేటస్‌లో తన ముఖమే కనిపించింది. చింతలదొడ్డి బస్సు స్టేజీ దగ్గర రెండు వెదురు గడల మధ్య పెద్ద ఫ్లెక్సీ. వెనక చర్చి బొమ్మ, పైన పావురం. కింద సంఘం సభ్యులందరి ఫొటోలు. మధ్యలో కోటు తొడిగిన నెహెమ్యా. ఆ కోటు అతనిది కాదు, కంప్యూటర్లో తొడిగారు. "రైల్వే ఉద్యోగం సాధించిన మా సంఘ కార్యదర్శి సహోదరుడు నెహెమ్యాకు హృదయపూర్వక అభినందనలు. దేవునికే మహిమ."

అతను ఏసుబాబుకు ఫోను చేశాడు. గదిలో ఇంకా నలుగురున్నారు.

"ఏసన్నా, ఆ ఫ్లెక్సీ తీసేయండి."

"ఏమిటికిరా? ఫొటో బాగలేదా? కోటు నేనే ఏపిచ్చినా."

"ఫొటో సంగతి కాదన్నా. ఈ పొద్దే తీసేయి."

"మన వీధి పిల్లోని ముఖం ఎప్పుడన్నా స్టేజీ కాడ పడిందా? ఊళ్ళో వాళ్ళ పిల్లోడు పోలీసు అయితే వానకు చినిగేదాంకా ఉండె. మనది పది రోజులుంటే ఎవరికి నొప్పి?"

"నేను వచ్చినాక చెప్తా. ముందు తీసేయన్నా, నీకు దండం పెడతా."

ఏసుబాబు, "సంఘం పేరు ఉండాదని సిగ్గైతాందా నీకు? చెప్పు, ఇప్పుడే పీకేస్తా" అన్నాడు.

నెహెమ్యా పక్క మంచం మీది వాళ్ళను చూశాడు. కుల పత్రం అన్న మాట ఆ గదిలో అనలేకపోయాడు. "సిగ్గు కాదన్నా" అన్నాడు. ఏసుబాబు ఫోను పెట్టేశాడు.

పరీక్ష రాసి మధ్యాహ్నం బస్సెక్కాడు. ఎమ్మిగనూరు దాకా కూచోవడానికి చోటు దొరకలేదు. నిలబడి, పైన కడ్డీ పట్టుకొని, తన చదువంతా ఒకసారి వెనక్కి తిప్పి చూసుకున్నాడు. పరీక్షలు అయిపోయాయని సంతోషంగా ఉండాల్సిన రోజది. బడిలో ఎవరూ అతన్ని పేరు మార్చుకొమ్మని అడగలేదు. సంఘంలోనూ అడగలేదు. మిరప చేలో అసలు పేర్లే అడగరు. మేస్త్రీ తలలు లెక్కపెట్టుకుంటాడు, అంతే. మూడు చోట్లా సరిపోయిన మనిషే. ఆ మూడూ ఒకచోట కలిసింది ఆ ఫ్లెక్సీ మీదే. బడిలో దిగిన ఫొటో, సంఘంలో పిలిచే పేరు, సుగ్గి మోతలు తెచ్చిన ఉద్యోగం. బస్సు దిగేసరికి అది ఇంకా అక్కడే ఉంది. గాలికి నిండుగా ఉబ్బుతూ ఉంది.

అతను గడ ఎక్కి తీగలు విప్పుతుంటే ఏసుబాబు మోటారు సైకిల్ మీద వచ్చాడు. దిగకుండానే చూస్తూ ఉన్నాడు.

"వచ్చీ రాంగానే అదే పనా?"

"మా కులం కాయితం విచారణ ఉండాదన్నా. ఎస్సీది."

ఏసుబాబు బండి ఇంజను ఆపాడు. అతని జీవితంలో కుల పత్రం అవసరమైంది లేదు. ఇటుకకు, సిమెంటుకు ఎవరూ అడగలేదు. మాట లోపలికి పోవడానికి కొంత సేపు పట్టింది.

"ఫ్లెక్సీ ఏమన్నా సర్కారు కాయితమా?" అన్నాడు చివరికి.

"కాదు."

"మరి?"

"చూసినోనికి కండ్లుండాయి కదన్నా."

ఏసుబాబు బండి దిగాడు. రెండో గడ ఎక్కి తీగ విప్పాడు. ఇద్దరూ కలిసి దాన్ని మడిచారు. మడిచేటప్పుడు ముఖం లోపలికి వచ్చేలా ఏసుబాబే తిప్పాడు.

ఇంటికి వస్తే రత్నమణి వాకిట్లో నిలబడి ఉంది. "పొద్దున మండలాఫీసు ఆర్ఐ సారు వచ్చినాడు నాయనా. మహానంది సారంట. స్టేజీ కాడ బండి ఆపి శానాసేపు దాన్నే చూస్తాండె. సోమవారం మళ్ళీ వస్తాడంట. మనల్ని ఊరి సచివాలయం కాడికి రమ్మన్నాడు. మీ నాయన్ని యాడ పెట్టినామో అది కూడా చూడల్లంట."

ఆ వీధిలో ఎవరు చనిపోయినా పూడుస్తారు, చర్చికి పోయేవాళ్ళయినా, పోనివాళ్ళయినా. పూడ్చడం వల్ల ఏమీ తేలదు. తేలేది సిలువ వల్ల.

శనివారం గోడ మీది వాక్యాల క్యాలెండరు తీశారు. గడప మీది చిన్న చెక్క సిలువ తీశారు. బైబిలును రత్నమణి పాత చీరలో చుట్టి జొన్నల గాదె వెనక పెట్టింది. అయ్యగారు, అంటే పాస్టరు, ఒక్క మాట చెప్పి పోయాడు. "చర్చి పుస్తకంలో నీ పేరు నేను కొట్టెయ్యను. అడిగితే చెప్పను. అంతకంటే నాకు చాతకాదు."

ఆదివారం నెహెమ్యా చర్చికి పోలేదు. మైకులో పాట ఇంటిదాకా వినిపించింది. కంజీర వాయించే నెహెమ్యా లేక తాళం తప్పుతోంది. ఆరాధన అయ్యాక రత్నమణి తిరిగొచ్చి, గడపార తీసుకొని సమాధుల తోట వైపు బయలుదేరింది.

"మా, యాడికి?"

"నువ్వు రావద్దు. నీ చేత్తో వద్దు. నేను పెళ్ళాన్ని, నన్ను మీ నాయన ఏమీ అనుకోడు."

వీధి చివర ఏసుబాబు ఆమె చేతిలోంచి గడపార తీసుకున్నాడు. "నువ్వు కొడితే ముక్కలైతాది చిన్నమ్మా. లోపల కమ్మీ ఉండాది. యాడుండాదో నాకు తెలుసు" అన్నాడు.

అతను సిమెంటును చుట్టూ కొంచెం కొంచెంగా గీకి, కమ్మీ కనబడ్డాక ఆక్సా బ్లేడుతో కోశాడు. ఎండ మండుతోంది. చాలాసేపు పట్టింది. నెహెమ్యా, రావద్దన్నా వచ్చి, సిలువ పడిపోకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు. కమ్మీ తెగినప్పుడు బరువంతా అతని మీదికి వచ్చింది. సమాధి మీద లేవి పేరు రాసిన చోట ఏసుబాబు సున్నం పూశాడు. రత్నమణి తల మీద గోనెసంచి చుట్ట పెట్టుకొని సిలువను తానే మోసుకుపోయింది. దారిలో ఎదురొచ్చినవాళ్ళు పక్కకు తప్పుకున్నారు.

సోమవారం పొద్దున వీరభద్ర ఆంజనేయస్వామి గుడి నుంచి ఆకులో సింధూరం తెచ్చాడు.

"నిలువుగా పెట్టుకోవల్లనా, గుండ్రంగానా?" అని నెహెమ్యా అడిగాడు.

"హనుమేష్ అని పేరు పెట్టుకొని ఇది కూడా తెలీదేమప్పా నీకు? ఇన్నేండ్లు ఆ పేరుతో నా పక్కన కూచుంటివి." వీరభద్ర తన వేలితోనే పెట్టాడు. కొంచెం దూరం జరిగి చూశాడు. "చెమట పట్టనీకు. కారితే రంగు చొక్కా మీద పడతాది."

సచివాలయం వరండాలో మహానంది కుర్చీ వేసుకొని కూచున్నాడు. నడివయసు మనిషి. చేతిలో తడి తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్నాడు.

"నీ పేరేమప్పా?"

"హనుమేష్ సార్."

"మరి స్టేజీ కాడ నెహెమ్యా అని ఉండె కదా. ఫొటో నీదే."

నెహెమ్యా నోరు విప్పేలోగా ఏసుబాబు ముందుకు వచ్చాడు. "అది వీడు కాదు సార్. వీళ్ళన్న. ఇద్దరిదీ ఒకటే ముఖం."

"అట్లనా. అన్న యాడుండాడు?"

"సుగ్గికి పోయినాడు సార్."

"మే నెలలో సుగ్గి యాడిదప్పా?"

వరండాలో ఎవరో నవ్వు ఆపుకున్నారు. ఏసుబాబు తల గోక్కున్నాడు. "చేను అయిపోయింది సార్. గోదాముల్లో తొడిమెలు తీస్తాండాడు."

"రైల్వే ఉద్యోగం వచ్చినోడు తొడిమెలు తీయను పోయినాడా?"

మహానంది కూడా కొంచెం నవ్వాడు. తర్వాత నవ్వు తీసేసి, "పాండి, ఆ సమాధి చూద్దాం" అని లేచాడు.

తోటలో ఈస్టర్‌కు వేసిన సున్నం సమాధులన్నిటి మీదా ఇంకా తెల్లగానే ఉంది. లేవి సమాధి తల దగ్గర మాత్రం అరచేయంత బూడిద రంగు మచ్చ. దాని మధ్యలో కమ్మీ కొస. కోసిన చోట తుప్పు లేదు, ఎండకు మెరుస్తోంది. మహానంది వంగి దాన్ని వేలితో తాకాడు. వేలు చూసుకున్నాడు. ఏసుబాబు దూరంగా కంపచెట్టు వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఎండ శానా ఉండాది. పాండి" అన్నాడు మహానంది.

వెనక్కి వచ్చేటప్పుడు అతను నడక తగ్గించి, రత్నమణి కలిసేదాకా ఆగాడు. నెహెమ్యా వాళ్ళ వెనకే ఉన్నాడు.

"సిలువ యాడ పెట్టినారమ్మా?" అని మెల్లిగా అడిగాడు.

రత్నమణి ఎవరి వైపూ చూడలేదు. "ఇంట్లో ఉండాది సార్. జొన్నల సంచుల కింద."

నెహెమ్యా ఆగిపోయాడు. మహానంది ఆగలేదు. తువ్వాలుతో మళ్ళీ మెడ తుడుచుకున్నాడు.

"నేను అడగలేదనుకోమ్మా. నువ్వు చెప్పలేదనుకో. కానీ ఒక మాట. ఆ ఫ్లెక్సీ ఫొటో ఎవరో ఆ రోజే తీసి పైకి పంపినారు. నేను ఏమి రాసినా అది దాని పక్కన పెట్టి చూస్తారు. నా చేతిలో లేదు."

కొంతదూరం నడిచారు. చెప్పుల కింద రాళ్ళు కదులుతున్నాయి.

"అయితే దాన్ని మళ్ళీ పెట్టుకోవచ్చునా సార్?" అని రత్నమణి అడిగింది.

"కాయితం వచ్చేదాంకా ఆగమ్మా" అన్నాడు మహానంది. ఆ మాట కూడా ఆమె ముఖం చూసి అనలేదు. బండెక్కి, టీ కూడా తాగకుండా పోయాడు.

అతను పోయాక తల్లీ కొడుకులు ఇంట్లో ఎదురెదురుగా కూచున్నారు. సింధూరం కారి నెహెమ్యా కనుబొమ మీదికి వచ్చింది. రత్నమణి కొంగుతో తుడిచింది.

"ఏమిటికి చెప్పినావు మా?"

"అడిగినాడు కదా నాయనా" అంది ఆమె. కాసేపటికి, "మంచిగా అడిగినాడు" అని కూడా అంది.

నెలన్నరకు కాగితం వచ్చింది. ఎస్సీ పత్రం రద్దు. ఎంపిక కూడా దానితోనే పోయింది. అదే వారంలో డిగ్రీ ఫలితాలు వచ్చాయి. ఫస్టు క్లాసు. ఈసారి ఫ్లెక్సీ ఎవరూ వేయలేదు. వీరభద్ర స్టేటస్ పెట్టాలా అని అడిగాడు, వద్దన్నాడు. హనుమేష్ పేరు మీద బీసీ-సి పత్రం మాత్రం తొందరగానే చేతికొచ్చింది. మండలాఫీసులో ఎవరూ ఏ ప్రశ్నా వేయలేదు.

సంఘంలో అతన్ని మళ్ళీ కార్యదర్శిగా ఉండమన్నారు. ఆదివారం లేచి నిలబడ్డాడు. పని చూసుకోవాలి, బెంగళూరు పోతున్నానని చెప్పి కూచున్నాడు. ఏసుబాబు అప్పుడప్పుడు పోయి పనిచేసే మేస్త్రీ దగ్గరే అక్కడ చోటు ఉంది. ఇసుక జల్లెడ పట్టడం, కమ్మీ వంచడం. చదువుకున్నవాడు కాబట్టి సరుకు వివరాలు కూడా చూడొచ్చన్నాడు మేస్త్రీ.

పోయే రోజు తెల్లారాక ముగ్గురూ తోటకు పోయారు. రత్నమణి సిలువ తెచ్చింది. ఏసుబాబు సిమెంటు కలిపాడు. కోసిన కమ్మీ మళ్ళీ అతకదు. సమాధి తల దగ్గర లోతుగా గుంత తవ్వి, సిలువ అడుగు అందులో దించి, చుట్టూ సిమెంటు పోశాడు. మునుపటి కంటే అది జానెడు పొట్టిగా నిలబడింది.

"లోపల పట్టు లేదు. గట్టిపడేదాంకా ఎవరో ఒకరు పట్టుకోని ఉండల్ల" అన్నాడు.

నెహెమ్యా పట్టుకున్నాడు. ఏసుబాబు తూకం గుండు కట్టిన దారం వేలాడదీసి చూసి, "కుడికి... ఇంకొంచెం... చాలు" అన్నాడు. రత్నమణి తడిగుడ్డతో పేరు మీది సున్నం రుద్దుతూ కూచుంది. అక్షరాలు సగం వచ్చాయి, సగం సున్నంతో పాటే పోయాయి.

ఎండ ఎక్కుతోంది. దూరంగా ఎమ్మిగనూరు బస్సు హారన్ వినిపించింది.

"బస్సు నాయనా" అంది రత్నమణి.

"వదిలితే పక్కకు ఒరుగుతాది మా."

ఏసుబాబు తాపీ కింద పెట్టి, చేతులు కడుక్కోకుండానే వచ్చి, నెహెమ్యా చేతుల మీద తన చేతులు వేశాడు. "నువ్వు తియ్యి. మెల్లిగా. నేను పట్టుకుంటా. ఎల్లుండి నేను కూడా వస్తా కదా" అన్నాడు.

నెహెమ్యా ఒక్కో చెయ్యీ బయటికి తీసుకున్నాడు. సంచి భుజానికేసుకొని స్టేజీ వైపు నడిచాడు. అక్కడ రెండు వెదురు గడలు అలాగే ఉన్నాయి, వాటికి చుట్టిన తీగ ముక్కలతో సహా. బస్సు మలుపు తిరిగేటప్పుడు కిటికీలోంచి తోట కనిపించింది. రత్నమణి లేచి నిలబడి ఉంది. ఏసుబాబు ఇంకా పట్టుకొనే ఉన్నాడు.